క్రైస్తవ జీవితంలో మారుమనస్సు, క్షమాపణ

చేసిన పాపాన్ని పాపంగా గుర్తించి, దానికి దుఃఖపడి, దేవుని వైపు తిరిగి నడక మార్చుకోవడాన్ని క్రైస్తవులు మారుమనస్సు అంటారు. అలా తిరిగినవాడిని దేవుడు చేర్చుకోవడం, చేర్చుకోబడినవాడు తనకు కీడు చేసినవాళ్లను అదే తీరున విడిచిపెట్టడం, ఈ రెండూ కలిసినదే క్షమాపణ. బాప్తిస్మం మొదలు మరణశయ్య దాకా వీటి ప్రమేయం లేని ఘట్టం క్రైస్తవ జీవితంలో ఉండదు. పరలోక ప్రార్థనలో ఆనాటి ఆహారం అడిగిన వెంటనే అడిగేది క్షమాపణే. ఆ అడగడం కూడా మనం ఇతరులను క్షమించడంతో ముడిపడి ఉంటుంది.

క్షమాపణ దేవుని ఉచిత వరమని అన్ని శాఖలూ ఒప్పుకుంటాయి. తగవంతా ఆ తర్వాత మొదలవుతుంది. బాప్తిస్మం పొందాక పడిపోయినవాడు ఎవరి ముందు ఒప్పుకోవాలి, ఎంతకాలం ఆగాలి, అతన్ని తిరిగి చేర్చుకునే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నల మీద సంఘాలు చీలాయి, మహాసభలు జరిగాయి, మతసంస్కరణే మొదలైంది. ఇంత చర్చలోనూ ఎక్కువ భాగం దేవుడికీ పాపికీ మధ్య లెక్క చుట్టే తిరిగింది. ఆ పాపం వల్ల నష్టపోయిన మూడో మనిషి మాటిమాటికీ పక్కకు జరిగిపోయాడు. లేఖనాలు మాత్రం అతన్ని మరువలేదు.

లేఖనాల్లో

హీబ్రూ గ్రంథాల్లో పశ్చాత్తాపానికి పేరుపడిన కథ దావీదుది. రాజు తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను తెప్పించుకున్నాడు. సంగతి బయటపడేలా ఉందని ఊరియాను యుద్ధంలో ముందు వరుసకు పంపి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడికున్న ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, రాజు నోటితోనే రాజుకు తీర్పు చెప్పించాడు. దావీదు వాదించలేదు, ఒప్పుకున్నాడు. క్షమాపణ అక్కడికక్కడే దొరికింది, ఫలితాలు మాత్రం తప్పలేదు. పుట్టిన బిడ్డ దక్కలేదు. తర్వాత సొంత కొడుకుల మధ్యే నెత్తురు పారింది.

ఈ సందర్భానికి చెందినదిగా చెప్పే 51వ కీర్తన తరతరాల పశ్చాత్తాప ప్రార్థనలకు ఒరవడి అయింది. అయితే ఆ కీర్తనలో ఊరియా ఊసు లేదు. పాపమంతా దేవునికి విరోధంగానే జరిగినట్టు ఉంటుంది. ఆ లోటును మిగతా లేఖనాలు పూడ్చిన తీరు చూడాలి. సమూయేలు రెండవ గ్రంథం దావీదు శూరుల పట్టికను ఊరియా పేరుతో ముగిస్తుంది. మత్తయి యేసు వంశావళి రాస్తూ సొలొమోను తల్లిని ఆమె పేరుతో చెప్పక ఊరియా భార్యగానే చెబుతాడు. రాజుకు క్షమాపణ దొరికినంత మాత్రాన చచ్చినవాడి పేరు చెరిగిపోకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది.

ధర్మశాస్త్రానిదీ ఇదే దారి. పొరుగువాడి సొమ్ము అపహరించినవాడు అపరాధ పరిహారార్థ బలి తేవడంతో పాటు ఆ సొమ్మంతా తిరిగివ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి అని లేవీయకాండము 6వ అధ్యాయం విధించింది. ఏడాదికోసారి వచ్చే ప్రాయశ్చిత్తార్థ దినాన ప్రధానయాజకుడు ప్రజల పాపాలను ఒక మేక తల మీద ఒప్పుకుని దాన్ని అరణ్యానికి పంపించేవాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా ఆ దినానికొక హద్దు గీసింది. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన పాపాలను ఆ దినం పరిహరిస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగినవాటిని, నష్టపోయినవాడిని సమాధానపరిచేదాకా పరిహరించదు. కొండమీది ప్రసంగంలో యేసు చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది: బలిపీఠం దగ్గర నిలబడ్డాక సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడాలి.

బాప్తిస్మమిచ్చు యోహాను యొర్దాను ఒడ్డున మారుమనస్సు ప్రకటించినప్పుడు, అయితే మేమేం చేయాలని జనం అడిగారు. లూకా రాసిన జవాబులన్నీ చేతలే. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి. సుంకరి నిర్ణయించినదానికి మించి వసూలు చేయకూడదు. సైనికుడు బెదిరించి గుంజకూడదు, వచ్చే జీతంతో తృప్తిపడాలి. యెరికో సుంకరి జక్కయ్య దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లాడు. తప్పు ఒప్పుకుని సొమ్ము తిరిగిచ్చేవాడికి ధర్మశాస్త్రం అడిగేది ఐదో వంతు అదనమే. గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడు నాలుగింతలు ఇవ్వాలని నిర్గమకాండములో ఉంది. జక్కయ్య తనకు తానే ఆ బరువైన లెక్క వేసుకున్నాడు, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని కూడా అన్నాడు. యేసు అతని ఇంటికి పిలవకుండానే వచ్చాడు, ముందుగా ఏ షరతూ పెట్టలేదు. ఉచితంగా దొరికిన కృప ఆ ఇంట్లో వెంటనే రూపాయల్లో లెక్కకు వచ్చింది. ఈ విషయంలో సువార్తల సారం తెలుసుకోవాలంటే చూడాల్సిన చోటు ఇదే.

మత్తయి 18వ అధ్యాయంలోని దాసుడి ఉపమానం దీనికి అవతలి వైపు. రాజుకు అతను బాకీపడింది పదివేల తలాంతులు. తలాంతుకు ఆరు వేల దేనారాలు, దేనారం ఒక కూలివాడి రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఎన్ని జన్మలెత్తినా తీరని బాకీ. రాజు దాన్ని కొట్టేశాడు. బయటికి రాగానే ఆ దాసుడు తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సినవాడి గొంతు పట్టుకున్నాడు. ఇక్కడ నూరు దేనారాలు కూడా తక్కువేం కాదు, మూడు నెలలకు పైబడిన కూలి. మనిషికి మనిషి చేసిన గాయం నిజమైనదేనని ఒప్పుకుంటూనే ఉపమానం దాన్ని పెద్ద బాకీ పక్కన నిలబెడుతుంది.

పడిపోయిన ఇద్దరిని సువార్తలు పక్కపక్కన ఉంచాయి. యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చి పడేశాడు. కానీ యాజకులు అతన్ని పట్టించుకోలేదు, ఒంటరిగా వెళ్లి ఉరిపోసుకున్నాడు. యేసును ఎరుగనని ముమ్మారు బొంకిన పేతురు ఏడ్చాడు, తోటి శిష్యుల మధ్యకే తిరిగి వచ్చాడు. గలిలయ ఒడ్డున మూడుసార్లు ప్రశ్న వేయించుకుని మూడుసార్లు జవాబిచ్చి మళ్లీ కాపరి అయ్యాడు. పశ్చాత్తాపం ఒంటరిగా మిగిలితే ఎక్కడికి పోతుందో ఆ తేడాలో ఉంది.

పడినవారిని చేర్చుకోవడం

తొలి సంఘాల్లో బాప్తిస్మమే మారుమనస్సుకు గుర్తు, ఆ నీళ్లతోనే పాత పాపాలన్నీ పోయేవి. మరి ఆ తర్వాత చేసినవో? రోములో 2వ శతాబ్దంలో వెలువడిన హెర్మాసు కాపరి గ్రంథం ఇంకొక్క అవకాశం ఉందంది. ఉత్తరాఫ్రికా రచయిత తెర్తుల్లియన్ మొదట దాన్ని ఒప్పుకుని, వయసు మీదపడ్డాక, కఠిన నియమాలు పాటించే మొంతాను అనుచరులతో కలిశాక, వ్యభిచారం వంటి ఘోరపాపాలను సంఘం క్షమించలేదని రాశాడు.

అసలు పరీక్ష 250లో వచ్చింది. సామ్రాజ్యంలోని ప్రతివారూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల నుంచి పత్రం తెచ్చుకోవాలని చక్రవర్తి డేసియస్ ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటి పత్రాలు నలభైకి పైగా ఈజిప్టు ఇసుకలో దొరికాయి. వేలమంది క్రైస్తవులు లొంగిపోయారు. కొందరు నిజంగా బలి అర్పించారు. కొందరు లంచమిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. మరికొందరు లొంగకుండా చిత్రహింసలను తట్టుకుని చెరసాలలోనే ఉన్నారు. హింస తగ్గాక పడిపోయినవారు సంఘం తలుపు తట్టారు.

కార్తేజు బిషప్ సిప్రియాన్ హింస వేళ అజ్ఞాతంలో ఉన్నాడు. ఆయన లేని సమయంలో చెరలో ఉన్న విశ్వాసవీరులు పడిపోయినవారికి సమాధాన పత్రాలు రాసిచ్చారు. హింస అనుభవించినవాడి మాటకు బరువెక్కువ కాబట్టి ఆ పత్రాలతో నేరుగా ప్రభు భోజనపు బల్ల దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. సిప్రియాన్‌కు ఇది సమ్మతం కాలేదు. 251లో కార్తేజులో బిషప్పులు కూడి, పత్రం కొనుక్కున్నవారిని ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలనీ, బలి అర్పించినవారు జీవితాంతం ప్రాయశ్చిత్తం చేస్తే మరణశయ్య మీద చేర్చుకోవాలనీ తీర్మానించారు. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ హింస ముంచుకొచ్చే సూచనలు కనిపించాయి. ప్రభు భోజనం లేకుండా ఈ మనుషులను మళ్లీ పోరాటానికి ఎలా పంపుతామంటూ ప్రాయశ్చిత్తంలో ఉన్నవారందరినీ సభ చేర్చుకుంది. నియమం పెట్టినవారే మనుషుల ముఖాలు చూసి నియమం సడలించారు. సిప్రియాన్ 258లో హతసాక్షి అయ్యాడు.

అదే సమయంలో రోములో నొవేషియన్ అనే పెద్ద, పడినవారిని దేవుడు క్షమిస్తాడేమో కానీ సంఘం చేర్చుకోరాదని పట్టుబట్టి వేరే సంఘం కట్టాడు. అది కొన్ని శతాబ్దాలు నిలిచింది. అతని పక్షాన ఉన్నది కేవలం మొండితనం అనుకోవడం తప్పు. హింసలో కళ్లముందే బంధువులను పోగొట్టుకున్నవాళ్ల బాధ ఆ పట్టుదల వెనక ఉంది. అయినా పేతురును చేర్చుకున్న ప్రభువు సంఘం ఆ దారిన పోలేకపోయింది.

325 నాటి నికేయా మహాసభ, బలవంతం లేకుండానే విశ్వాసం వదిలినవారికి మూడేళ్లు వాక్యం వినేవారి మధ్య, ఏడేళ్లు మోకరిల్లేవారి మధ్య, రెండేళ్లు బల్ల అందకుండా ప్రార్థనలో మాత్రమే అని గడువు పెట్టింది. మరణానికి దగ్గరైనవాడికి మాత్రం ఎవరూ ప్రభు భోజనం నిరాకరించరాదంది. ఈ క్రమశిక్షణ చక్రవర్తినీ వదల్లేదు. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియోడోసియస్‌ను మిలాన్ బిషప్ ఆంబ్రోజ్ ప్రభు భోజనానికి దూరం పెట్టాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి సంఘం ముందు పాపం ఒప్పుకున్నాకే చేర్చుకున్నాడు.

బహిరంగం నుంచి గురువు చెవికి

ఇంత కఠినమైన ప్రాయశ్చిత్తం జీవితంలో ఒక్కసారే కావడంతో జనం దాన్ని ముసలితనానికి వాయిదా వేశారు. మార్గం ఐర్లండు సన్యాసుల నుంచి వచ్చింది. ఏ పాపానికి ఎన్ని రోజులు రొట్టె నీళ్లతో గడపాలో పట్టికలు రాసిన పుస్తకాలు వాళ్ల దగ్గర ఉండేవి. ఒప్పుకోలు ఏకాంతంలో, ఎన్నిసార్లయినా. 615లో మరణించిన కొలంబానస్ వంటివారు దీన్ని ఐరోపా ప్రధాన భూభాగానికి తెచ్చారు. 589 నాటి తొలెదో సభ ఈ మాటిమాటి ప్రాయశ్చిత్తాన్ని గర్హించినా ఆగలేదు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా తన గురువుకు పాపాలు ఒప్పుకోవాలని విధించింది. విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తానికి పెట్టాలని కూడా ఆదేశించింది. లాభం చాలా ఉంది: సామాన్యుడు సిగ్గుతో చచ్చిపోకుండా మనసు విప్పుకోగలిగాడు. పోయింది కూడా ఉంది: ఒకప్పుడు సంఘమంతా కన్నీళ్లతో ప్రార్థించి చేర్చుకున్న మనిషి ఇప్పుడు ఇద్దరి మధ్య రహస్యమయ్యాడు.

పాపశిక్షను తగ్గించే ఇండల్జెన్స్ పత్రాలు డబ్బుకు దొరికే స్థితి వచ్చేసరికి, 1517లో విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథర్ 95 వాదాంశాలు ప్రకటించాడు. విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలన్నది వాటిలో మొదటిది. లూథర్ ఏకాంత ఒప్పుకోలును రద్దు చేయలేదు, తప్పనిసరి చేయడాన్నే కాదన్నాడు. ట్రెంట్ మహాసభ 1551లో మనస్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్త క్రియ అనే మూడు భాగాల సంస్కారాన్ని మళ్లీ గట్టిపరిచింది. ప్రొటెస్టెంటుల్లో ఒప్పుకోలు ఎక్కువగా సామూహిక ప్రార్థన రూపం తీసుకుంది. కృప ఉచితమన్న బోధ నడత మార్చని చవక కృపగా దిగజారిందని జర్మన్ కాపరి డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో రాశాడు. నాజీలు ఆయన్ను 1945 ఏప్రిల్‌లో ఉరితీశారు.

తూర్పు సంఘాలు పాపాన్ని నేరంగా కంటే రోగంగా చూస్తాయి, గురువు అక్కడ వైద్యుడు. మహోపవాసం ముందు ఆదివారం సాయంత్రం ఆర్థడాక్స్ ఆలయాల్లో గురువుతో సహా ఒకరి ముందు ఒకరు వంగి క్షమాపణ అడుగుతారు. కేరళ సిరియన్ క్రైస్తవులు నీనెవె ప్రజల పశ్చాత్తాపాన్ని తలచుకుంటూ మూడు రోజుల ఉపవాసం పాటిస్తారు.

తెలుగు సంఘాల్లో

ఆ సిరియన్ సంప్రదాయంలోని ఒక ఆచారం తెలుగు ఆలయాలకూ చేరింది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో తన ప్రభు భోజన క్రమాన్ని రూపొందించినప్పుడు, చేతి నుంచి చేతికి సమాధానం అందించే పద్ధతిని అందులో పెట్టింది. సాధారణ ఒప్పుకోలు ప్రార్థనా, ఈ సమాధానమూ రెండూ బల్లకు ముందే వస్తాయి.

కతోలిక విచారణల్లో, అంటే స్థానిక సంఘాల్లో, పాపసంకీర్తనం అనే ఏకాంత ఒప్పుకోలు, ఉత్తమ మనస్తాప జపం చిన్నప్పుడే నేర్పిస్తారు. ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో, ఫిబ్రవరిలో జరిగే గుణదల మాత ఉత్సవాల్లో పాపసంకీర్తనానికి బారులు తీరతారు. బాప్టిస్టు, లూథరన్, స్వతంత్ర సంఘాల్లో ఒప్పుకోలుకు చోటు సాక్ష్యం, ఉజ్జీవ కూటాలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన. బల్ల తీసుకునే ఆదివారం ముందు అయోగ్యంగా పాలుపొందవద్దని పౌలు కొరింథీయులకు రాసిన హెచ్చరిక చదివినప్పుడు, మాటలు మానేసిన తోడికోడళ్లు, అన్నదమ్ములు గిన్నె అందుకోవడానికి జంకడం పల్లె సంఘాలకు తెలిసిన విషయమే. ఘోరమైన తప్పు చేసినవారిని పెద్దలు బల్ల నుంచి ఆపుతారు, కొంతకాలం చూసి సంఘం ముందు ఒప్పుకున్నాక చేర్చుకుంటారు. కార్తేజు సభ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. కుల పంచాయతీలో తప్పు కట్టించే పాత అలవాటు నీడ కూడా కొన్నిచోట్ల ఉంది, అందుకే డబ్బూ పలుకుబడీ ఉన్నవారి తప్పుకు ఒక తూకం, లేనివారికి ఒక తూకం అన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది.

మారుమనస్సు నిజమో కాదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నను ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరువులో ఎదుర్కొన్నాడు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తరతరాలుగా అన్యాయానికి గురైనవాళ్లను ముందు పాపులుగా ఒప్పుకోమనడంలో ఉన్న చిక్కును ఇరవయ్యో శతాబ్దపు దళిత వేదాంతులు లేవనెత్తారు. ఒప్పుకోవాల్సిన పాపం సంఘానికే ఉందన్నారు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికారత విధానంలో సంఘం లోపలి కుల వివక్షను ఒప్పుకుంది. వేరు వేరు శ్మశానాలు ఉన్నంతకాలం ఆ ఒప్పుకోలుకు జక్కయ్య లెక్క ఇంకా మిగిలి ఉన్నట్టే.

క్షమించేవారి వైపు

1999 జనవరి 22 రాత్రి ఒడిశా కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల మధ్య మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని ప్రకటించి, కూతురితో బరిపదలోనే ఉండి ఆ సేవ కొనసాగించారు. క్షమించడం వేరు, నేరానికి చట్టపరమైన పర్యవసానం వేరు అని ఆమె స్పష్టంగా చెప్పారు. ముఖ్య నిందితుడికి పడిన జీవితఖైదును సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. రెండో జాన్ పాల్ పోపు కూడా తనను కాల్చిన అగ్జాను క్షమించి 1983 డిసెంబరులో రోము జైలులో కలిశారు, అగ్జా మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి జైలులోనే గడిపాడు. క్షమాపణ పగను వదలడం, చట్టాన్ని వదలడం కాదు.

దక్షిణాఫ్రికాలో ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన 1996లో విచారణలు ప్రారంభించిన సత్య సమాధాన కమిషన్ ఈ హద్దును దాటి చూసింది. వర్ణవివక్ష కాలపు రాజకీయ నేరాన్ని పూర్తిగా బయటపెట్టినవారికి శిక్ష మినహాయింపు దొరికేది, పశ్చాత్తాపం షరతు కాదు. కొడుకులు ఎక్కడ పూడ్చబడ్డారో తల్లులకు తెలిసింది అలాగే. ఆ మినహాయింపు తమ న్యాయాన్ని లాక్కుందని పోలీసు కస్టడీలో మరణించిన ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో కుటుంబం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయింది. వారి అభ్యంతరం అన్యాయమైనది కాదు: బాధితుడి బదులు ఇంకొకరు క్షమించడానికి వీల్లేదు.

ఇల్లాలు దెబ్బలు తింటుంటే ఏడు డెబ్బైల సార్లు క్షమించమని వెనక్కి పంపే సంఘ పెద్దలు ఈ విషయం మరిచినవారే. లూకా 17వ అధ్యాయంలో క్షమించడం కంటే ముందు గద్దించడం ఉంది. భద్రత లేని ఇంటికి తిరిగి వెళ్లడాన్ని క్షమాపణలో భాగంగా ఎక్కడా చెప్పలేదు.

నేడు అన్నిటికంటే పదునైన వివాదం పిల్లలపై లైంగిక దౌర్జన్యం చేసినవారి పాపసంకీర్తనం గురించినది. అలా విన్నది కూడా పోలీసులకు చెప్పాలని ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ 2017లో సిఫార్సు చేసింది, కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. సంకీర్తన రహస్యాన్ని ఏ చట్టమూ విప్పలేదని కతోలిక సంఘం జవాబిచ్చింది. నేరస్థుడు లొంగిపోయేదాకా పాపవిమోచనం ఆపవచ్చా అన్న ప్రశ్నకు 2020లో వాటికన్, అలాంటి షరతు పెట్టరాదని, లొంగిపొమ్మని గట్టిగా ప్రోత్సహించవచ్చని చెప్పింది. లేవీయకాండపు విధి, జక్కయ్య నడిచిన దారి గుర్తున్నవారికి ఈ జవాబు చాలదు.